కారు స్టీరియోకు మ్యూజిక్ ప్లేయర్ కలపడం ఎలా?

తిరుపతి, చిత్తూరు మధ్య తిరిగే కార్లలో పాటతో పాటు ఒక సన్నని ఈల కూడా వినిపించడం మామూలైపోయింది. స్టీరియో పాతబడిందనుకుని చాలామంది కొత్తది కొని డబ్బు వదిలించుకుంటారు. కొత్త స్టీరియోలోనూ అదే ఈల మొదలవుతుంది. ఎందుకంటే తీగ కలిపే పద్ధతి మారలేదు.

కావలసినవి ప్లేయర్, రెండు చివరలా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న ఆక్స్ కేబుల్. పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉన్నదే తీసుకోండి. మూడు గీతల పిన్ను మైకు ఉన్న ఇయర్‌ఫోన్ల కోసం చేసినది. అది కొన్ని స్టీరియోల్లో సరిగ్గా తగలక, పాడేవారి గొంతు మాయమై వెనక వాద్యాలు మాత్రమే మిగులుతాయి. పొడవు ఒక మీటరు చాలు. అంతకు మించితే గేరు లివర్‌కు చుట్టుకుంటుంది.

స్టీరియో సౌండ్ తగ్గించి, ఒక పిన్నును ప్లేయర్‌లో, రెండోదాన్ని స్టీరియో మీది ఆక్స్ (AUX) రంధ్రంలో టక్కుమనే దాకా నొక్కి, స్టీరియోలో ఆక్స్ ఎంచుకోండి. ప్లేయర్ సౌండ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి, మిగిలినదంతా స్టీరియోతోనే పెంచుకోండి. ప్లేయర్‌లో మరీ తగ్గిస్తే బుస వినిపిస్తుంది, పూర్తిగా పెంచితే శబ్దం పగులుతుంది. ప్లేయర్‌లోని ఈక్వలైజర్ ఆపేయాలి. బాస్, ట్రెబుల్ దిద్దడం స్టీరియోలో ఒక్కచోటే జరగాలి.

ప్లేయర్ పాటను కారు రేడియోకు ప్రసారం చేసే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొంటే ఈ తీగల గొడవే ఉండదని చెప్పేవారున్నారు. ఎఫ్ఎం బ్యాండ్ 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. తిరుపతిలో ఖాళీగా దొరికిన చోటుకు చిత్తూరు చేరేసరికి మరో స్టేషన్ వచ్చి పడవచ్చు. పైగా ఎఫ్ఎం 15 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని వదిలేస్తుంది. బ్లూటూత్ కూడా పాటను మళ్లీ కుదించే పంపుతుంది. ఆక్స్ ఉన్న కారులో తీగే వాడాలి. క్యాసెట్ స్టీరియో మాత్రమే ఉన్న పాత కారైతే, క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ ఎఫ్ఎం కన్నా ఎన్నో రెట్లు మేలు.

ఇక అసలు చిక్కు చార్జింగ్. పాట వింటూనే సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి ప్లేయర్‌కు చార్జింగ్ పెడతారు. అప్పుడు ప్లేయర్‌కు కారు ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కు కలిసి ఉండే కారు లోహపు బాడీ) రెండు దారుల్లో అందుతుంది, చార్జర్ గుండా ఒకటి, ఆక్స్ తీగ గుండా ఇంకొకటి. ఈ రెండూ కలిసి ఒక వలయం ఏర్పడి, ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పుట్టించే అలజడి అందులోంచి స్పీకర్లలోకి చేరుతుంది. ఇంజను వేగంతో పాటే దాని శ్రుతీ పెరుగుతుంది. అలిపిరి దాటి రెండో గేరులో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఈల చెవులు కోసేది అందుకే.

పాట నడుస్తుండగా దీన్ని పరీక్షించకండి. తంబూరా శ్రుతి వెనక సాగే అన్నమయ్య కీర్తనలో ఈల సగం కలిసిపోతుంది, అంతా బాగుందనుకుంటారు. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆన్‌లో ఉంచండి. పాటను మధ్యలో నిలిపి, సౌండ్ తగ్గించకుండా ఆక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కండి. ఈల లేస్తే చార్జర్ తీగను ప్లేయర్ నుంచి లాగేయండి. వెంటనే నిశ్శబ్దమైతే దోషం ఆ వలయానిదే. అప్పటికీ ఈల పోకపోతే స్టీరియో ఎర్త్ వైరు వదులైందేమో కారు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

స్టీరియో ఎర్త్ వైరు తెంపితే ఈల పోతుందని సలహా ఇచ్చేవారిని బండి దగ్గరకు రానివ్వకండి. తెంపిన వైరులో పోవలసిన కరెంటు ఏంటెనా తీగ గుండానో ఆక్స్ తీగ గుండానో దారి వెతుక్కుంటుంది. స్టీరియో, ప్లేయర్ రెండూ పాడైపోవచ్చు.

సరైన మందు రాత్రే ఇంట్లో ప్లేయర్‌కు నిండా చార్జి పెట్టుకోవడం. దూరప్రయాణమైతే పవర్ బ్యాంకు వాడండి. దానికి కారుతో సంబంధం లేదు కాబట్టి వలయమే ఏర్పడదు, కాకపోతే ఆ పవర్ బ్యాంకును అదే సమయంలో కారులో చార్జింగ్‌కు పెట్టకూడదు. ఈ రెండూ కుదరనప్పుడే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ కొనండి. ఆక్స్ తీగ మధ్యలో బిగించే ఈ చిన్న డబ్బీలోని ట్రాన్స్‌ఫార్మర్లు పాటను దాటించి, ఎర్త్ దారిని తెంపుతాయి. చవకరకం బాస్‌ను మింగేస్తుంది. కొనేముందు మృదంగం ఉన్న పాట పెట్టి, మృదంగం ఎడమ ముఖం మీది దెబ్బ నిండుగా పలుకుతోందో లేదో వినండి.

ఘాట్ మలుపుల్లో ఎదుటి వాహనం హారన్ వినిపించాలి కాబట్టి సౌండ్ అలిపిరి దగ్గరే తగ్గించి, పైకి చేరేదాకా ప్లేయర్ జోలికి పోకండి. పాట మార్చాలంటే పక్క సీటులో ఉన్నవారు మార్చాలి. దిగేటప్పుడు తీగను పట్టి లాగకుండా పిన్ను తల పట్టుకుని తీయండి. ప్లేయర్‌ను కారులో వదలకండి. మే నెల తిరుపతి ఎండలో అద్దాలు మూసిన కారులో ఉంచితే బ్యాటరీ ఉబ్బిపోవచ్చు.