ఏసీ రూములో కార్బన్ డయాక్సైడ్ తగ్గించుకునేదెట్లా

తిరుపతి ఎండలకి తలుపులు బిగించి ఏసీ వేసుకుని నలుగురం పడుకుంటే పొద్దున్నే తల బరువుగా ఉంటుంది కదా, స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది అంతే, బయటి గాలి తీసుకురాదు, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ రూములోనే పేరుకుంటుంది. ముందు ఎన్‌డీఐఆర్ సెన్సార్ (పరారుణ కాంతితో ఆ గ్యాస్ ఎంతుందో కొలిచేది) ఉన్న మీటర్ కొనండి. బయట సుమారు 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళు) ఉంటుంది, రూములో 1000 దాటిందంటే గాలి సరిగ్గా మారట్లేదనే లెక్క.

ఈ గ్యాస్ ని సున్నంతో పట్టేయొచ్చు కదా అంటారు, పట్టుద్ది నిజమే, కానీ ఒక మనిషి రోజుకి దాదాపు కిలో వదుల్తాడు, దానికి కిలోన్నర పైనే తడిసున్నం కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు. పెద్ద బిల్డింగుల్లో అయితే ఏసీ డక్టులో అమైన్ (కార్బన్ డయాక్సైడ్ ని పట్టుకునే రసాయనం) ఫిల్టర్ పెట్టి, అది నిండాక వేడిచేసి గ్యాస్ విడిగా లాగే పద్ధతి ఉంది. మనం మాత్రం ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, ఎదురుగోడ కిటికీ రెండు వేళ్ళంత సందు తెరిచిపెట్టి, గంట తర్వాత మీటర్ చూసుకోవాలి, తగ్గకపోతే ఇంకాస్త తెరవండి.