హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ సర్జన్ ఎంపిక: సమస్యలు - పరిష్కారాలు

తల వెనక, చెవుల పైన ఉండే జుట్టును కుదుళ్లతో సహా తీసి బట్టతల ఉన్నచోట నాటుతారు. ఆ జుట్టే ఈ ఆపరేషన్‌కు పెట్టుబడి. ఒకసారి తీసినచోట కుదురు మళ్లీ మొలవదు. చేయి తిరగనివాళ్లు దాన్ని పాడుచేస్తే, తర్వాత ఎంత మంచి డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరిదిద్దడానికి జుట్టు మిగలకపోవచ్చు. అందుకే అడ్వాన్స్ కట్టకముందే ఇవన్నీ చూసుకోండి.

సమస్య: బోర్డు మీద డిగ్రీలు చాలా ఉన్నాయి, ఏది అసలైనదో తెలియడం లేదు

కారణం: కాస్మెటాలజీ డిప్లొమా, ఫెలోషిప్, రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ అన్నీ ఒకే వరుసలో పెట్టేస్తారు. చూసేవాళ్లకు అన్నీ పెద్ద చదువుల్లాగే ఉంటాయి.

పరిష్కారం: చూడాల్సినవి ప్రధానంగా రెండే. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (రెండూ స్పెషలిస్టు డిగ్రీలే). చర్మవ్యాధుల్లో ఎండీ లేదా డీఎన్‌బీ, దానితోపాటు ఈ సర్జరీలో సరైన శిక్షణ. 2022లో దేశంలో వైద్య విద్యను, వైద్యులను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. వర్క్‌షాపులో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటే శిక్షణ కిందికి రాదని కూడా అందులో ఉంది. డాక్టర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకోండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్ల దగ్గర గానీ, కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో గానీ సరిచూడండి. ఎంబీబీఎస్ ఒక్కటే నమోదై ఉందా, పీజీ కూడా ఉందా అన్నది గమనించండి. నంబరు చెప్పడానికి నసిగితే ఇక అక్కడ మాట్లాడాల్సింది లేదు.

సమస్య: మాట్లాడేదంతా కౌన్సెలరే, డాక్టర్ కనిపించరు

"సార్, ఇవాళే బుక్ చేసుకుంటే 30 శాతం డిస్కౌంట్, ఈఎంఐ కూడా ఉంది" అంటారు. తలను మాత్రం ఎవరూ ముట్టుకోరు.

కారణం: గ్రాఫ్ట్‌కు, అంటే తీసి నాటే ఒక్కో కుదురుకు, ఇంత అని రేటు. లెక్క పెరిగితే బిల్లు పెరుగుతుంది.

పరిష్కారం: సర్జనే తల వెనక భాగాన్ని ట్రైకోస్కోప్‌తో (తల చర్మాన్ని, కుదుళ్లను పెద్దవిగా చూపే పరికరం) చూసి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని కుదుళ్లున్నాయో లెక్కగట్టాలి. ఎన్ని తీయొచ్చు, వయసు పెరిగి బట్టతల ముదిరితే ఎన్ని మిగలాలి అన్నది చెప్పాలి. ఫొటో చూసి 5000 గ్రాఫ్టులు అనేవాళ్లను నమ్మకండి. వెనక జుట్టు పల్చగా ఉంది, మీకు ఆపరేషన్ వద్దు అని చెప్పగలిగిన డాక్టరే నా దృష్టిలో నమ్మదగ్గ మనిషి.

సమస్య: ఆపరేషన్ రోజు సర్జన్ నుదుటిపై జుట్టు ఎక్కడ మొదలవ్వాలో గీత గీసి వెళ్లిపోతారు

కారణం: ఒకే రోజు ఇద్దరు ముగ్గురిని ఒప్పుకుని, కోతలు కూడా టెక్నీషియన్ల చేతిలో పెట్టడం. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే. కుదురు చర్మంలోకి వాలుగా దిగి ఉంటుంది. ఆ కోణం తప్పితే వేరు తెగిపోతుంది. ఒకేచోట దగ్గరదగ్గరగా తీస్తే వెనక చిమ్మెట కొట్టినట్టు ఖాళీలు పడతాయి. కుదుళ్లు నాటడానికి తల ముందు భాగంలో వేసే గాట్ల దిశ తప్పితే జుట్టు నిటారుగా, అతికించినట్టు కనిపిస్తుంది.

మత్తు సంగతి ఇంకా ముఖ్యం. తలంతా ఇచ్చే లిగ్నోకెయిన్ అనే మత్తు మందును శరీర బరువును బట్టి లెక్కగట్టాలి. మోతాదు మించితే పెదాలు తిమ్మిరెక్కడంతో మొదలై ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా వెళ్లొచ్చు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఈ ఆపరేషన్ చేయించుకున్న తర్వాత చనిపోయాడు. చిన్న పనే కదా అనుకోకండి.

పరిష్కారం: మత్తు ఎవరిస్తారు, కుదుళ్లు ఎవరు తీస్తారు, గాట్లు ఎవరు వేస్తారు? ఈ మూడింటికీ పేర్లతో జవాబు సమ్మతి పత్రంలో రాయించండి. టెక్నీషియన్లు కుదుళ్లను వేరుచేయడంలో, అమర్చడంలో సాయపడొచ్చు. సర్జన్ మాత్రం అదే గదిలో ఉండాలి, అదే ఫ్లోర్‌లో ఎక్కడో ఉంటే సరిపోదు. ఆక్సిజన్, అత్యవసర మందులు, డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే యంత్రం) ఉన్నాయో లేదో కళ్లారా చూడండి.

సమస్య: ఈమధ్యే జుట్టు కుచ్చులుగా ఊడుతోంది, వెంటనే చేస్తామంటున్నారు

కారణం: డెంగ్యూ, టైఫాయిడ్ వచ్చిన రెండు మూడు నెలలకు, థైరాయిడ్ తేడా వల్ల, ఐరన్ లోపం వల్ల కూడా ఇలా రాలుతుంది.

పరిష్కారం: ముందు రక్తపరీక్షలు, చికిత్స. జ్వరం తర్వాత రాలిన జుట్టు చాలామందిలో దానంతటదే తిరిగొస్తుంది.

సమస్య: ఆపరేషన్ అయ్యాక నాటిన వెంట్రుకలు ఊడిపోతున్నాయి

రెండో వారం నుంచి రాలడం మామూలే, టెన్షన్ వద్దు. మూడు నాలుగు నెలలకు మొలక మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. నాటినచోట చర్మం నల్లబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగొద్దు. సర్జన్‌కు ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఆపరేషన్ కాగితాలు తీసుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.