ట్రెక్ పనులన్నీ ముందే పిల్లల చేతికి రావాలి

స్కౌట్ పిల్లల్ని రెండు మూడు రాత్రుల అడవి ట్రెక్‌కి తీసుకెళ్లాలంటే చాలామంది లీడర్లు ముందు సామాన్ల జాబితా రాస్తారు. నేను పనుల జాబితా రాస్తాను. టెంట్ వేసేది ఎవరు, స్టవ్ వెలిగించేది ఎవరు, మ్యాప్ ఎవరి చేతిలో ఉంటుంది, నీళ్లు శుద్ధి చేసేది ఎవరు? ఏ పనికెదురుగానూ పెద్దవాళ్ల పేరు ఉండకూడదు. అన్నిచోట్లా పిల్లల పేర్లు వచ్చి, ఆ పని వాళ్లు నా సాయం లేకుండా చేసి చూపించాకే మా ట్రూప్ (స్కౌట్ దళం) బయల్దేరుతుంది. అందుకే కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవిలో స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ మొదటి శిబిరం పెట్టినప్పుడే అబ్బాయిల్ని నాలుగు చిన్న గుంపులుగా, అంటే పట్రోల్‌లుగా విడదీసి, ఒక్కో పట్రోల్ బాధ్యతని ఒక అబ్బాయికే అప్పగించాడు. ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే పట్రోల్ అడవిలో చక్కగా నడుస్తుంది. టెంట్, వంట, మందుల పెట్టె అన్నీ ఆ గుంపు లెక్కలోనే సర్దుకోండి.

దారి ఎంచుకునేటప్పుడు మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్లని మనసులో పెట్టుకోండి. కొండ నడకకి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నెయిస్మిత్ చెప్పిన లెక్క ఒకటుంది: గంటకి 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల లెక్క. బరువు మోసే పిల్లలకి నేను గంటకి 3 కిలోమీటర్లే వేస్తాను. అంటే 10 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎక్కుడు ఉంటే నడకకే దాదాపు నాలుగున్నర గంటలు. తిండికీ విశ్రాంతికీ కలిపితే ఆరు. ఈ లెక్క పిల్లల చేతే కట్టించండి. మ్యాప్ మీద ఎత్తుని చూపే కాంటూర్ గీతలు ఎక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయో, అంటే ఏటవాలు ఎక్కడ ఎక్కువో, వేలు పెట్టి చూపించమనండి. మధ్యలో ఎవరికైనా బాగోకపోతే ఏ దారిన తొందరగా కిందికి దిగొచ్చో వాళ్లే మ్యాప్ మీద గుర్తు పెట్టాలి. ఆ మ్యాప్ నకలు ఒకటి ఊళ్లో ఉండే బాధ్యత గల మనిషికి ఇచ్చి, ఏ సమయం దాటితే సాయం కోసం ఫోన్ చేయాలో రాసిపెట్టండి.

బరువు సంగతి మాటలతో తేలదు, తూకం కావాలి. పిల్లల వీపు మీద వాళ్ల బరువులో అయిదో వంతు మించనివ్వను. 45 కిలోల పిల్లకి 9 కిలోలు, అదీ నీళ్లతో కలిపి. లీటరు నీళ్లంటే ఒక కిలో అని మర్చిపోకండి. ఒక ఆదివారం అందరూ బ్యాగుల్లోవన్నీ నేల మీద పరవాలి. ఒకే పట్రోల్‌లో ఆరు టూత్‌పేస్టులూ, నాలుగు కత్తులూ బయటపడతాయి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో మీరు చెప్పకండి. పట్రోల్ లీడర్ ముందుండి తేల్చాలి, కాస్త వాదన జరిగినా మంచిదే. సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైనవి నడుము పైభాగంలో వెన్నుకి ఆనుకుని, రెయిన్ జాకెట్ అన్నిటికంటే పైన. ముందు హిప్ బెల్ట్ తుంటి ఎముకల మీద బిగించి, తర్వాతే భుజాల పట్టీలు లాగాలి. ఈ వరస తలకిందులైతే మోత మొత్తం మెడ మీద పడుతుంది.

ఇక పాదాలు. అన్నిటికంటే ఎక్కువ సమయం నేను దీనికే పెడతాను. కొత్త బూట్లు కొన్ని వారాల ముందు నుంచే వేసుకు తిరగాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, మేజోళ్లు తడిస్తే మార్చుకోవాలి. ఇవి అందరూ చెప్పేవే. పొక్కు రాకముందు ఆ చోట చుర్రుమని వేడి పుడుతుంది. అప్పుడే ఆగి టేపు వేస్తే ఐదు నిమిషాల్లో పనైపోతుంది. ఆగకపోతే మర్నాడు ఆ పిల్ల కుంటుతుంది, గుంపంతా ఆలస్యమవుతుంది. పిల్లలకి టేపు వేయడం తెలీక కాదు ఈ చిక్కు, నలుగురినీ ఆపడానికి మొహమాటం. మా ట్రూప్‌లో ఒక అమ్మాయి చాలా బాగా నడిచేది, కానీ నొప్పి వస్తే పెదవి బిగించుకుని ఊరుకునేది. అందుకని ప్రాక్టీసు నడకలో ఒక నియమం పెట్టాను: ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారి "ఆగండి" అని గట్టిగా అని, బూటు విప్పి పాదం చూసుకోవాలి, నొప్పి ఉన్నా లేకున్నా. ఆ రోజు అందరికంటే ఎక్కువసార్లు వరసని ఆపింది ఆ అమ్మాయే. అడవిలో ఆయాసం, చలి, కడుపునొప్పి, భయం ఏదైనా సరే, ఈ ఒక్క మాట నోటికి అలవాటైన పిల్లలు సమయానికి చెబుతారు.

ప్రాక్టీసు నడకలు మెట్టు మెట్టుగా ఉండాలి. మొదట బరువు లేకుండా సగం రోజు, తర్వాత సగం బరువుతో, చివరికి పూర్తి బరువుతో ఒక రాత్రి బస. ఆ రాత్రి చిన్న వాన ఉంటే మానుకోకండి, అదే మంచి పరీక్ష. ఉరుములుంటే మాత్రం వాయిదా వేయండి. టెంట్‌ని చీకట్లో, హెడ్‌ల్యాంప్ వెలుగులో వేయించండి. ట్రెక్‌లో ఏ స్టవ్ మీద, ఏ గిన్నెలో, ఏ తిండి వండబోతున్నారో అక్కడా అదే వండాలి. స్టవ్ టెంట్ లోపల ఎప్పుడూ వెలిగించకూడదు. నిప్పు ప్రమాదం కళ్లకి కనిపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కనిపించదు.

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగనివ్వను. తెర్లుతున్న నీళ్లని ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి, 2000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు. నీళ్లు శుద్ధి చేసే మాత్రలు వాడితే ప్యాకెట్ మీద రాసిన సమయం ఆగాలి, చల్లటి నీళ్లకి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఫిల్టర్ వాడితే గడ్డకట్టే చలిలో దాన్ని రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. ఒకసారి లోపల మంచు పడితే అది పాడైనా బయటికి తెలీదు.

మరుగుదొడ్డి విషయం సిగ్గు పడకుండా మాట్లాడండి. చాలామంది పిల్లల అసలు టెన్షన్ పాములూ ఎలుగుబంట్లూ కాదు, ఇదే. దాన్ని తప్పించుకోవడానికి నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికల్లా తలనొప్పితో కూలబడతారు. నీటికీ, దారికీ, బసకీ 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి తర్వాత పూడ్చాలని ప్రాక్టీసు క్యాంపులోనే చేయించండి. అమ్మాయిలకి నెలసరి సామాన్లు, వాడినవి వెనక్కి తెచ్చుకునే మూత గట్టిగా పడే సంచీ ఎలా సర్దుకోవాలో ఒక మహిళా లీడర్ విడిగా కూర్చుని చెప్పాలి.

చలికి నూలు బట్టలు పనికిరావు, తడిస్తే తొందరగా ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. రాత్రి పడుకునే పొడి బట్టల జత ప్లాస్టిక్ సంచీలో ఉండాలి, పగలు దాని జోలికి వెళ్లకూడదు. జతగాడు వణుకుతూ, మాట తడబడుతూ, బొత్తాం పెట్టుకోలేకపోతున్నాడంటే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతోందని ప్రతి పిల్లకీ తెలియాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపే ఉంటే శిఖరం మీంచి, ఒంటరి చెట్టు కింద నుంచి దూరంగా వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలకూడదు.

విజిల్ బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండాలి. దారి తప్పితే ఉన్నచోటే ఆగి మూడుసార్లు ఊదాలి, కాసేపాగి మళ్లీ మూడు. వెతుక్కుంటూ ముందుకు నడవకూడదు. ఇది ఆటలా ఆడించండి, ఒకరు దాక్కుంటే మిగతావాళ్లు విజిల్ శబ్దాన్ని బట్టి వెతకాలి. నడిచేటప్పుడు నెమ్మదైన పిల్ల వరసలో రెండోది, ఒక పెద్దమనిషి చివరన. దారి చీలిన ప్రతిచోటా అందరూ వచ్చేదాకా ఆగి తలలు లెక్కపెట్టుకోవాలి.

పెద్దవాళ్ల పని ఇక్కడుంది. కనీసం ఇద్దరు లీడర్లు, ఒకరికైనా ప్రథమ చికిత్సలో శిక్షణ, ఏ పెద్దవారూ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. ప్రతి పిల్లకీ ఆరోగ్య పత్రం రాయించుకోండి. ఆస్తమా ఇన్‌హేలర్ పిల్ల జేబులో, రెండోది మీ దగ్గర. తల్లిదండ్రులతో ముందే కూర్చుని ఫోన్ సిగ్నల్ ఉండదని, కబురు రాకపోతే కంగారు పడొద్దని చెప్పండి.

ముందు రోజు సాయంత్రం వాతావరణ సూచన చదివేది పట్రోల్ లీడరే. మొదటి రోజు ఎక్కడ నీళ్లు, ఎక్కడ విశ్రాంతి, ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలి, ఇవన్నీ మ్యాప్ పెట్టి తనే నాకు చెప్పాలి. తడబడితే మళ్లీ కూర్చుంటాం. వాతావరణం బాగోలేదంటే తేదీ మారుస్తాం. వెళ్లొద్దని పట్రోల్ అంటే ఆ మాటని నేను కొట్టిపారేయను. వెళ్దామని వాళ్లన్నా, ఆపే అధికారం మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.