వారానికి ఒక్కసారే: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టేవారికి

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అని తేలిన తరువాత చాలామందికి రుమటాలజిస్టు (కీళ్లవాత నిపుణుడైన డాక్టరు) రాసే తొలి మందు మెథోట్రెక్సేట్. ఇది నొప్పి మాత్ర కాదు. సొంత కీళ్ల మీదే దాడికి దిగిన రోగనిరోధక వ్యవస్థను నెమ్మదింపజేసే మందు. ఆరేళ్లుగా దీన్ని వాడుతున్న రోగిగా, ఓపీ వరండాలో తోటివారు చెప్పగా విన్నవి కూడా కలిపి, కొత్తవారి కోసం ఇది రాస్తున్నాను. మోతాదు నిర్ణయించవలసింది మాత్రం మీ డాక్టరే.

మొదటి అడ్డంకి భయం. మందు పెట్టెలోని కాగితం విప్పగానే ‘క్యాన్సర్’ అన్న మాట కంటబడుతుంది. అక్కడితో మాత్రలు బీరువాలో పెట్టేసినవారు నాకు తెలుసు. అసలు తేడా మోతాదులో ఉంది. కొన్ని క్యాన్సర్లకు దీన్ని వందల, వేల మిల్లీగ్రాములలో ఎక్కిస్తారు. కీళ్లవాతానికి ఇచ్చేది వారానికి సాధారణంగా 7.5 నుండి 25 మిల్లీగ్రాముల లోపే. అమెరికాలో ఈ జబ్బుకు దీన్ని 1988లో ఆమోదించారు. ఈ మందు పుట్టుకలో మనవాడి చేయి కూడా ఉందని తెలిసినప్పుడు నా భయం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందం ముందు ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసి, ఆ తరువాత దాని పనిని అడ్డుకునే మందుల మీద పనిచేసింది. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు రోజూ వేసుకునే అలవాటున్న ఇంట్లో ఈ ఒక్క నియమం తప్పడం చాలా తేలిక, తప్పితే కలిగే నష్టం చాలా పెద్దది. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, తెల్ల రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అనడంతో సరిపెట్టుకోకుండా, ఏ రోజున వేసుకోవాలో ఆ రోజు పేరు డాక్టరు చేతనే తెలుగులో రాయించుకోండి. నేను శనివారం రాత్రి భోజనమయ్యాక వేసుకుంటాను, మర్నాడు ఆదివారం కాస్త నలతగా ఉన్నా ఇబ్బంది ఉండదని. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు మరో రోజు ఎంచుకోవడం మేలు. వంటింటి గోడకున్న క్యాలెండరులో మాత్ర మింగిన వెంటనే ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుడతాను. ముందు మింగడం, తరువాతే చుట్టడం. మరచిపోయిన మాత్ర ఒకటి రెండు రోజుల్లో గుర్తుకువస్తే వేసుకోవచ్చు, అంతకు మించితే ఆ వారం వదిలేయాలి. రెండు వారాల మోతాదు ఎన్నడూ కలపకూడదు. పొరపాటున వరుసగా వేసుకున్నట్లు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి, దీనికి ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది.

మందుల షాపులో మరొక చిక్కు. నాలుగు మాత్రలు అడిగితే స్ట్రిప్పును కత్తెరతో ముక్క చేసి ఇస్తారు. పేరు ఒక ముక్కలో, మిల్లీగ్రాముల అంకె మరో ముక్కలో మిగిలిపోతాయి. ఒకసారి నా చేతికి వచ్చిన ముక్క మీద సగం అక్షరాలు, గడువు తేదీ తప్ప మరేమీ లేవు. పైగా దీనికి తోడుగా ఇచ్చే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా తరచు పసుపు రంగులోనే ఉంటుంది. కాబట్టి పూర్తి స్ట్రిప్పే తీసుకోండి, రెండింటినీ వేరు వేరు డబ్బాలలో ఉంచండి, ప్రతిసారీ అన్నే మిల్లీగ్రాములున్న మాత్ర అడగండి. ఫోలిక్ యాసిడ్ వికారాన్ని, నోటిపూతను తగ్గిస్తుంది. సాధారణంగా మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున వాడమంటారు.

మర్నాటి వికారం, నీరసం చాలామంది చెప్పే ఫిర్యాదులు. కొందరికి జుట్టు కొంత పలచబడుతుంది. వికారం భరించలేక మందు మానేసి, ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచడమే వరండాలో నేను ఎక్కువగా విన్న పొరపాటు. చెబితే ఉపాయాలున్నాయి: మోతాదును అదే రోజులో రెండు భాగాలు చేయవచ్చు, లేదా చర్మం కింద ఇచ్చే ఇంజెక్షనుకు మార్చవచ్చు.

ఫలితం కోసం ఆరు నుండి పన్నెండు వారాలు ఆగాలి. నాకు ఆరో వారం దాకా తేడా ఏమీ తెలియలేదు. తొమ్మిదో వారంలో ఒక ఉదయం కొబ్బరినూనె సీసా మూత ఎవరినీ పిలవకుండా నేనే తిప్పాను. అప్పటిదాకా పది గంటలైతే గాని నా పిడికిలి మూసుకునేది కాదు. పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలుందో రోజూ రాసుకుంటే డాక్టరుకు ‘కొంచెం నయం’ అనడం కన్నా ఎక్కువ చెప్పినట్లవుతుంది.

రక్తపరీక్షలు ఈ చికిత్సలో భాగమే. మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలతో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. తొలి మూడు నెలలు రెండు నుండి నాలుగు వారాలకొకసారి, కుదుటపడ్డాక సుమారు మూడు నెలలకొకసారి రక్తం పరీక్షిస్తారు. నొప్పి తగ్గింది కదా అని ఇవి మానకూడదు, ఎందుకంటే కాలేయం దెబ్బతింటున్నా తొలిదశలో మనకు తెలియదు.

మద్యం మానండి. మూత్రంలో మంటకో మరోదానికో ఏ డాక్టరు యాంటీబయాటిక్ రాసినా మెథోట్రెక్సేట్ వాడుతున్నట్లు చెప్పండి. ముఖ్యంగా కోట్రైమోక్సజోల్ దీనితో కలిస్తే ప్రమాదం. గర్భంలోని శిశువుకు ఇది హాని చేస్తుంది కనుక పిల్లలు కావాలనుకునే స్త్రీలు కనీసం మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడాలి. జ్వరం, ఆగని వాంతులు విరేచనాలు, నోటిపుండ్లు, కొత్తగా పొడిదగ్గు లేదా ఆయాసం కనిపిస్తే, తరువాతి మాత్ర వేసుకోకముందే డాక్టరుకు ఫోను చేయండి.