‘నాకే ఎందుకు ప్రభువా?’ అనే రోజుల్లో విశ్వాసిగా ఏం చేయాలి

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఫైలు ఒళ్లో పెట్టుకుని వంతు కోసం చూస్తున్నవాళ్లకు "అంతా దేవుని చిత్తం" అనే మాట ఒకరోజు ఊరటగా ఉంటుంది, ఇంకోరోజు ఒళ్లు మండిస్తుంది. దేవుడు సర్వాధికారి అని నమ్మినంత మాత్రాన ఈ కష్టం ఎందుకొచ్చిందో మనకు తెలిసిపోదు. పిల్లలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబునే చూడండి. యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో జరిగిన సంభాషణ మనకు తెలుసు, ఆయనకు మాత్రం చివరిదైన 42వ అధ్యాయంలో కూడా ఎవరూ చెప్పలేదు. కాబట్టి కారణం వెతుక్కుంటూ మొదలుపెట్టకండి, మొరతో మొదలుపెట్టండి.

13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు ఎన్నాళ్లు ఇలా అని నిలదీస్తాడు, తర్వాతి రెండింటిలో తనకేం కావాలో అడుగుతాడు, చివరి రెండింటిలో నమ్మకం చెప్పుకుంటాడు. మీ మొర కూడా ఈ వరుసలోనే రాయండి. ఓపీ చీటీ వెనక సరిపోతుంది. ఫిర్యాదులో అసలు సంగతి ఉండాలి. "ప్రభువా, నా శోధన చూడు" అంటే చాలదు. "నాలుగో కీమో అయింది, గడ్డ తగ్గలేదు, పాప స్కూలు ఫీజు ఇంకా కట్టలేదు" అని రాయండి. చాలామంది ఈ భాగాన్ని దాటేసి నేరుగా స్తోత్రాల్లోకి వెళ్లిపోతారు. దాటేసిన బెంగే రాత్రి రెండింటికి నిద్ర లేపుతుంది. ఇక నమ్మకం భాగానికి మాట రాకపోతే ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది.

ఆ తర్వాత వచనాల దగ్గరకు రండి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్న వచనం మన ఇళ్లలో గోడల మీద, క్యాలెండర్ల మీద, వాగ్దాన కార్డుల మీద కనిపిస్తూనే ఉంటుంది. అది యోబు 8:7. అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. మూడు వచనాల ముందే అదే నోటితో, చనిపోయిన నీ పిల్లలు పాపం చేశారేమో అని యోబు మొహం మీద అన్నాడు. 42:7లో దేవుడు ఈ స్నేహితుల మీద కోపించి, నా గురించి మీరు సరిగా మాట్లాడలేదన్నాడు. మంచం పట్టినవాళ్లకు ఆ కార్డు ఇచ్చేముందు ఆ అధ్యాయమంతా ఒకసారి చదవండి.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తరచూ వినిపించే యిర్మీయా 29:11, మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అన్నది, దేవుని మాటే. కానీ దాన్ని ఒంటరిగా చదవకండి, 4 నుంచి 14 దాకా చదవండి. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. 10వ వచనంలో 70 ఏళ్ల గడువుంది, అంటే విన్నవాళ్లలో పెద్దవాళ్లు తిరుగు ప్రయాణం చూసే వీలు లేదు. అయినా 5వ వచనం ఇళ్లు కట్టుకోమంటుంది, తోటలు నాటమంటుంది. మేలు ఈ డిసెంబరుకే జరగాలని గడువు పెట్టింది మనమే. ఈ పరిస్థితి పదేళ్లు ఇలాగే ఉంటే ఈ వారం నేను నాటాల్సింది ఏమిటని అడగండి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు అది పక్క మంచం మనిషి పేరు కనుక్కోవడం కావచ్చు. ఇంట్లో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నకు ఫోన్ చేయడం కావచ్చు.

దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలు కోసమే సమకూడి జరుగుతాయనే రోమా 8:28ని 29తో కలిపే చదవాలి. అక్కడ ‘మేలు’ అంటే ఏమిటో 29 చెబుతుంది: క్రీస్తు పోలికలోకి మారడం. ఉద్యోగం తిరిగి రావడం, రిపోర్టు బాగా రావడం దేవుడు ఇస్తే ఇస్తాడు, కానీ ఆ వచనం వాటికి హామీ కాదు.

యోసేపు కథలో వయసులు గమనించండి. 17 ఏళ్లకు అన్నల చేతిలో అమ్ముడుపోయాడు, 30 ఏళ్లకు ఫరో ముందు నిలబడ్డాడు. దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడని ఆదికాండము 50:20లో అన్నది అంతకన్నా చాలా ఏళ్ల తర్వాత. గోతిలో ఉన్న రోజు బతిమాలుకున్నాడు (42:21). అర్థం అప్పుడే చెప్పమని ఎవరినీ, మిమ్మల్ని మీరైనా తొందరపెట్టకండి. ఇంకో సంగతి, 50:20లో కూడా అన్నలు చేసింది కీడేనని యోసేపు తేల్చి చెప్పాడు. భర్త కొడుతుంటే "దేవుని చిత్తం, భరించమ్మా" అనడానికి ఈ వచనం పనికిరాదు. ఆమెకు కావాల్సింది మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, తలదాచుకోవడానికి ఒక ఇల్లు.

"ఏ పాపం చేశానో" అన్న ఆలోచన తిరుగుతుంటే యోహాను 9:3, లూకా 13:4 చదవండి. గుడ్డివాడి విషయంలోనూ, సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది విషయంలోనూ యేసు ఆ లెక్కను ఒప్పుకోలేదు. నిజంగా గుర్తున్న తప్పుంటే ఒప్పుకుని సరిదిద్దుకోండి. లేని తప్పు కోసం తవ్వుకోవద్దు.

స్వస్థత ప్రార్థన చేయించుకోండి, ఇన్సులిన్ మాత్రం ఆపకండి. జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఆయుష్షు పొడిగించిన దేవుడే ఆయన పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (యెషయా 38:21). నిద్ర పట్టకపోయినా, చావాలనిపించినా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. పాస్టరుగారికి చెప్పడం, డాక్టరుకు చెప్పడం రెండూ చేయాలి.

జబ్బు చేసినవాళ్ల దగ్గరికో, మనిషి పోయిన ఇంటికో పరామర్శకు వెళ్లేవాళ్లు పది నిమిషాలు కూర్చుంటే చాలు. యోబు స్నేహితులు నోరు మెదపకుండా కూర్చున్న ఏడు రోజులే బాగా చేశారు. ఒక కీర్తన, చిన్న ప్రార్థన, సాక్ష్యం చెప్పమని అడగకుండా సెలవు తీసుకోవడం. టిఫిన్ క్యారియర్‌లో పప్పు, చారు తీసుకెళ్లండి. క్యారియర్ కోసం ఫోన్లు చేయకండి. జ్ఞాపకార్థ కూడిక అయిపోయి జనం పలచబడ్డాక, మూడో నెలలో ఇంకోసారి వెళ్లండి, అప్పుడు తెచ్చుకోవచ్చు.