విదేశీ సంఘంతో మిషన్ భాగస్వామ్యం: మూడో ఏటి లెక్క మొదటి రోజే వెయ్యండి

విదేశంలోని పేద ఊరికి సాయం చెయ్యాలని సంఘం తీర్మానించిన ఆదివారం అందరిలోనూ హుషారుంటుంది. మొదటి కానుక సులువుగానే పోగవుతుంది. చిక్కంతా మూడో ఏట వస్తుంది. అక్కడ బోరింగు చెడిపోతుంది, బడి పంతులుకు జీతం ఆగిపోతుంది. ఇక్కడ పాత కమిటీ దిగిపోతుంది, కొత్తవాళ్లకు ఫైలు ఎక్కడుందో తెలియదు.

ఎవరికి పంపాలి

అక్కడి పాస్టరు మంచివాడని ఆయన సొంత ఖాతాకు డబ్బు వేస్తే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా నింద తప్పదు. అక్కడి సంఘానికి రిజిస్ట్రేషన్, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలుంటేనే చెల్లే చెక్కు, ఏటేటా ఆడిట్ ఉండాలి. ఆ ఇద్దరూ భార్యాభర్తలో అన్నదమ్ములో అయితే రెండు సంతకాలూ ఒకటే లెక్క. ఇంత పట్టింపు అపనమ్మకంలా ఉంటుందని మొహమాటపడేవాళ్లు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయం చూడండి. యెరూషలేము పేదల కోసం పోగైన చందా విషయంలో పౌలు సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు తీసుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకూడదనే.

అక్కడి చట్టం విదేశీ డబ్బును ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. ఉదాహరణకు భారతదేశంలో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేని సంస్థ విదేశీ విరాళం పుచ్చుకోకూడదు. 2020 సవరణ ప్రకారం అలా పుచ్చుకున్న డబ్బును మరో సంస్థకు బదలాయించకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. "ప్రస్తుతానికి మా స్నేహితుడి ఖాతాకు పంపండి" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

ఒప్పందం, డబ్బు

రెండు పేజీల ఒప్పందం చాలు. ఏ పనికి, ఎంత, ఎన్నేళ్లు, ఎవరు నిర్ణయిస్తారు, లెక్క ఏ నెలలో వస్తుంది, ఎలా ముగుస్తుంది అన్నవి అందులో ఉండాలి. చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. ఐదేళ్ల ఒప్పందమైతే మొదటి మూడేళ్లు పూర్తి మొత్తం, నాలుగో ఏడు మూడింట రెండొంతులు, ఐదో ఏడు మూడో వంతు అని ముందే రాసుకుంటే వాళ్లు స్థానిక ఆదాయం చూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

అవసరాల జాబితా వాళ్లే రాసి పంపాలి. ఆ జాబితా తయారైన సమావేశంలో ఆడవాళ్లు కూర్చున్నారా అని అడగండి. నీళ్లు మోసేది వాళ్లే కదా!

బ్యాంకు రుసుము చాలావరకు ఒక్కో బదిలీకి ఇంత అని ఉంటుంది గనక నెలనెలా పంపడం కంటే మూడు నెలలకోసారి పంపడం మేలు. ఫారంలో ఛార్జీల దగ్గర 'షా' (SHA, ఖర్చు ఇద్దరూ పంచుకోవడం) అని పెడితే మధ్య బ్యాంకులు దారిలోనే కొంత కోసుకుంటాయి. 'అవర్' (OUR) పెడితే ఖర్చంతా పంపినవాళ్లదే, అక్కడ పూర్తి మొత్తం పడే అవకాశం ఎక్కువ. ప్రతిసారీ పంపిన మొత్తం, మారకం రేటు, అక్కడ జమైన మొత్తం మూడూ ఒకే కాగితం మీద ఉండాలి. ఈ తేడా అర్థంకాక "మధ్యలో ఎవరో తిన్నారు" అనే మాట పుడుతుంది. జీతాలు వాళ్ల కరెన్సీలో ఇస్తామని మాటిచ్చి ఉంటే, రేటు ఎగుడుదిగుళ్ల కోసం ఏడాది మొత్తంలో పదోవంతు పక్కన పెట్టుకోండి.

బోరింగు సంగతి

ఫలకం వేసి ఫొటో దిగడానికి బోరింగు బాగుంటుంది, అందుకే సంఘాలకు దానిమీద మోజు. వాడకంలో ముందు అరిగేవి పిస్టన్ చుట్టూ ఉండే కప్ వాషర్లు. ఇండియా మార్క్ 2 పంపులో వాటిని మార్చాలంటే లోపలి ఇనుప గొట్టాలన్నీ పైకి లాగాలి. ఒక్కోటి 3 మీటర్లు, 30 మీటర్ల లోతంటే పది గొట్టాలు. అందుకు ముక్కాలి స్టాండు, మెకానిక్కు కావాలి. అఫ్రిదేవ్ అనే పంపులో, ఇండియా మార్క్ 3లో గొట్టాలు కదపకుండానే కడ్డీలతో పిస్టన్‌ను పైకి తీయొచ్చు. కాస్త నేర్పితే ఊరివాళ్లే చేసుకుంటారు. అయినా మన ఇష్టం కాదు: ఆ జిల్లాలో ఏ పంపు ఎక్కువుందో, దగ్గరి బజారులో ఏ పంపు వాషర్లు దొరుకుతాయో అదే వెయ్యాలి.

నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె) 6.5 కంటే తక్కువుంటే జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాలు తుప్పు పడతాయి. నీళ్లు ఎర్రగా, చిలుము వాసనతో వస్తాయి, జనం మళ్లీ చెరువుకే పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితులు ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ అనే విషపదార్థానికి 10 మైక్రోగ్రాములు. పరీక్ష ఫలితం చూడకుండా పంపు బిగించొద్దు. బంగ్లాదేశ్‌లో సదుద్దేశంతో వేసిన గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు 1993లో గాని బయటపడలేదు. ఒక చేతిపంపుకు 500 మంది మించకూడదని సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. తవ్వకం మొదలుకాకముందే నీటి కమిటీ ఏర్పడి, ఇంటింటా ఎంతో కొంత నెలచందా వసూలై ఉండాలి. పంపు వచ్చాక ఆ పని సాగదు.

సామాన్లు, ప్రయాణాలు

పాత బట్టల పెట్టెలు ఓడెక్కించడం దండగ. కస్టమ్స్‌లో ఆగిన ప్రతిరోజుకూ రేవులో అద్దె పడుతుంది. దానికి బదులు డబ్బు పంపితే అక్కడి దర్జీకి పని దొరుకుతుంది. మందుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఖచ్చితంగా ఉన్నాయి: వాళ్లు అడిగినవే పంపాలి, చేరాక కనీసం ఏడాది గడువుండాలి, ఎవరింట్లోనో మిగిలినవి పనికిరావు.

చూడ్డానికి వెళ్లేవాళ్లు అక్కడి మేస్త్రీ చేసే పనికి ఎగబడకూడదు. క్యాష్‌బుక్కు పక్కన వోచర్లు పెట్టుకుని, ఏవో పది ఖర్చులు ఎంచి టిక్కు పెట్టుకుంటూ రావడం అంతకంటే ఉపయోగం. పిల్లలతో పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఉండకూడదు. ఫొటో వేసినచోట పిల్లల పేరు, ఊరు రెండూ కలిపి రాయొద్దు. ఒక్క పిల్లకు విడిగా కానుక ఇస్తే మిగతా ఇళ్లతో తగువు, బడికి ఇవ్వండి.

లెక్క రాకపోతే

గడువు దాటిన వారంలో ఫోన్ చెయ్యండి. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది, కోశాధికారి జబ్బుపడ్డాడనో కరెంటు లేదనో. నెల దాటితే పెద్దలిద్దరి సంతకంతో ఉత్తరం వెళ్లాలి. రెండో నెలా రాకపోతే తర్వాతి విడత ఆపండి, ఒక్క జీతాల మొత్తం తప్ప. దాన్ని మాత్రం ఆ ఏడాది బడి పరీక్షలు అయిపోయేదాకా, వీలైతే బడి ఖాతాకు నేరుగా, పంపుతూ ఉండండి. లెక్క రాయనిది కమిటీ, పంతులు కాదు.