గళ్ళ నుడికట్టు ఎక్కడ ఆగిపోయింది? లక్షణం, కారణం, మందు

ఆదివారం పేపరు రాగానే నుడికట్టు పేజీ విడదీసి దాచుకునేవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. అర్థం మాత్రమే చెప్పే సూటి ఆధారాలైతే వాళ్ళకి కాఫీ చల్లారేలోపు అయిపోతాయి. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొట్టమొదటి పజిల్ కూడా ఇంచుమించు ఆ తరహాదే. గడుసు ఆధారాలు 1920ల్లో బ్రిటన్‌లో ముదిరాయి. పెన్ను ఆగేది వీటి దగ్గరే.

గడుసు ఆధారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి సమాధానానికి అర్థం చెబుతుంది. రెండోది అదే సమాధానాన్ని అక్షరాలతో కట్టి చూపిస్తుంది. మీరు ఎక్కడ ఆగినా నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఆధారంలో ప్రతి మాటకూ పని దొరికిందా? కింద ఇచ్చిన ఆధారాలన్నీ మన డెల్టా మాటలతో ఇక్కడి కోసమే కూర్చినవి. చివరి అంకె గళ్ళ సంఖ్య.

సమస్య: సమాధానం గళ్ళలో సరిపోయింది, కానీ అడ్డానికీ నిలువుకూ పొత్తు కుదరడం లేదు

*పంట కొసకు కొమ్ము కాస్తే గోదారి దాటిస్తుంది (2)*

రెండు గళ్ళు, గోదారి దాటించేది. చాలామంది "నావ" అని రాసేసి ముందుకెళ్ళిపోతారు. తర్వాత నిలువు మాట అడ్డం తిరుగుతుంది, తప్పు నిలువులోనే ఉందని దాన్ని నాలుగుసార్లు చెరుపుతారు.

కారణం: అర్థం మాత్రమే చూసి రాశారు. "నావ" అనుకుంటే పంటకీ, కొమ్ముకీ పనేమిటి? మందు కూడా అక్కడే ఉంది. పైకి కొమ్ము కాయడం అంటే వెనకేసుకు రావడం. అక్షరాల లెక్కలో కొమ్ము అంటే ఉకారం గుర్తు. "పంట" చివరి అక్షరానికి కొమ్ము తగిలిస్తే "పంటు". సఖినేటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకుని నరసాపురం వైపు దాటించేది అదే. ఇప్పుడు ప్రతి మాటకూ పని ఉంది. అలా కుదిరేదాకా పెన్సిల్‌తోనే రాయండి.

సమస్య: వాక్యం బాగుంది, ఎక్కడ విరవాలో తెలియడం లేదు

*ఆండాళ్ నాటిన పైరుకు నీరిచ్చేది (4)*

ధనుర్మాసం, తిరుప్పావై, పాశురాలు అంటూ ఆలోచన గుడి చుట్టూ తిరుగుతుంది. కూర్పరికి కావలసిందీ అదే. వాక్యాన్ని వాక్యంగా చదివితే బోల్తా పడతారు.

అర్థం చెప్పే ముక్క సాధారణంగా మొదట్లో గానీ చివర్లో గానీ ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది కాబట్టి తెలుగు ఆధారాల్లో చివరే ఎక్కువ అని నా అంచనా. "కాస్తే", "వస్తే", "తీస్తే" లాంటి మాట కనిపిస్తే సరిహద్దు దొరికినట్టే: దాని ముందు కట్టుబడి, అంటే అక్షరాలతో కట్టిన భాగం, తర్వాత అర్థం. ఇక్కడ "తే" లేదు గనక చివరి మాట పట్టుకోండి. నీరిచ్చేది, నాలుగు గళ్ళు. ఆండాళ్‌కి మరో పేరు గోదా. ఆమె పక్కన నాటిన పైరు వరి. గోదా, వరి కలిస్తే గోదావరి.

సమస్య: సరిహద్దు దొరికింది, ఏ ఆట ఆడుతున్నారో అంతుపట్టడం లేదు

ఎక్కువమంది ఆగేది ఇక్కడే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఆట పేరు చెప్పే మాటను మామూలు క్రియగా చదివేయడం.

*నా కాడకి తడబడుతూ వస్తే ఓడరేవు (4).* తడబడడం, చెదరడం, కలగాపులగం లాంటి మాటలు ఉంటే పక్కనున్న అక్షరాల వరస మార్చమని అర్థం. నా, కా, డ, కి. నాలుగు అక్షరాల్ని 24 రకాలుగా సర్దవచ్చు. వరసగా కాకుండా గుండ్రంగా రాసుకుంటే పాత మాట కంటికి అడ్డం రాదు. కాకినాడ.

*కలం తిరగేస్తే గోదారి మధ్య నేల (2).* లంక. తిరగేయడం, వెనక్కి నడవడం అడ్డం ఆధారాల్లో వస్తాయి. "పైకి ఎగబాకితే" అన్నది మాత్రం నిలువులోనే చెల్లుతుంది. అడ్డంలో అలా రాస్తే అది కూర్పరి తప్పు.

*పనస తల కోస్తే మిగిలేది సణుగుడే (2).* తల అంటే మొదటి అక్షరం, తోక అంటే చివరిది. "నస" మిగిలింది.

*మలుపుల సమీపంలో దొరికే చేప (3).* వానాకాలంలో పులస సముద్రం నుంచి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుందని మనకి తెలుసు, కాబట్టి ఎలాగూ రాసేస్తాం. ఆట కూడా చూడండి: మలు-పుల స-మీపం. మాట బయటే పడుంది. "లో", "మధ్య", "దాగిన" కనిపిస్తే రెండు మాటల అతుకు దగ్గర వెతకాలి.

*గుడి లేని ఆ చంటి ఊరు (3).* ఇది నాకు బాగా ఇష్టమైన రకం, ఇంగ్లీషు వాళ్ళకి లేని సుఖం. గుడి అంటే ఇకారం గుర్తు కూడా. "ఆ చంటి"లో గుడి తీసేస్తే ఆచంట. శివాలయానికి పేరున్న ఊరికి గుడి లేదనడంలోనే సరదా ఉంది. గుడి, కొమ్ము, దీర్ఘం, సున్న, ఒత్తు: ఈ అయిదు మాటలు ఆధారంలో ఎక్కడ కనబడినా ముందు అనుమానించండి.

వీటిలో ఏ గుర్తూ లేకపోతే రెండు అర్థాలు పక్కపక్కన పెట్టారేమో చూడండి. *మొక్కలకు పేరున్న ఊరిని చేతికి తొడుక్కోవచ్చు (3).* కడియం.

సమస్య: మాట తెలిసింది, గళ్ళు చాలడం లేదు

గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అక్షరంతోపాటే వెళ్తాయి, కాబట్టి ధవళేశ్వరం అయిదు గళ్ళే. పొల్లు అక్షరానికి మామూలుగా విడిగా ఓ గడి ఇస్తారు, కాటన్ దొర మూడు గళ్ళు తీసుకుంటాడు. గోదారి మూడు, గోదావరి నాలుగు. రాజమండ్రి నాలుగు, రాజమహేంద్రవరం ఏడు. మాట తప్పని చెరిపేముందు రెండో రూపం రాసి చూడండి.

సున్న దగ్గర ఇంకో తిరకాసు. "తలుపుల సందులో చేప" అని ఎవరైనా ఇస్తే పులస అని రాయకండి. అక్కడున్నది "సం", "స" కాదు.

సమస్య: ఒక మూల మొత్తం ఖాళీ

రెండక్షరాల మాటలతో మొదలుపెట్టండి. అవీ రాకపోతే పేపరు మడిచి పెట్టి భోజనం చేసి రండి.

సమస్య: సమాధానం చెప్పినా ఇంట్లో ఒప్పుకోవడం లేదు

*రెండో పాండవుడు కోరినది రొయ్యల ఊరు (4)*

"భీమవరం" అని మీరు రాస్తారు. "అదెలాగండీ తాతగారూ, పాండవుడు భీముడు కదా?" అని మనవరాలు అడుగుతుంది. అడగాలి కూడా. "ఏదో అలా వస్తుందమ్మా" అంటే మీకూ పూర్తిగా తెలియనట్టే.

మందు: సమాధానం పక్కనే ఒక్క వరస వివరణ రాసుకోవడం. ముందు అర్థం, తర్వాత ముక్కలు. "రొయ్యల ఊరు. రెండో పాండవుడు భీమ, కోరినది వరం." భీముడిలో డు ఎందుకు పోయిందో అడిగితే, భీమసేనుడు అన్నప్పుడు ఎలా పోయిందో అలాగే అని చెప్పండి. సమాసంలో ముందున్న పేరుకి ఆ ప్రత్యయం ఉండదు. వరస రాయలేకపోతున్నారంటే సమాధానం ఊహించారు గానీ విప్పలేదు.

సమస్య: అంతా కుదిరింది, ఒక మాట మాత్రం మిగిలిపోయింది

*గోదారి గట్టున పనస తల కోస్తే మిగిలేది సణుగుడే (2)*

సమాధానం నసే, అనుమానం లేదు. కానీ "గోదారి గట్టున" ఎందుకొచ్చింది? దానికి అర్థంలోనూ పని లేదు, ఆటలోనూ పని లేదు. ఇక్కడ జబ్బు మీది కాదు, కూర్పరిది. బ్రిటన్‌లో క్జిమెనీస్ అనే మారుపేరుతో అబ్జర్వర్ పత్రికకు ఏళ్ళ తరబడి పజిళ్ళు కూర్చిన మెక్‌నట్ ఈ విషయంలో బాగా పట్టుదల మనిషి. ఆయన దారిలో నడిచేవాళ్ళకి ఆధారంలో సరైన అర్థం, న్యాయమైన కట్టుబడి ఉండాలి, అదనంగా ఏమీ ఉండకూడదు. మన కూర్పరులు వాక్యం అందం కోసం కొంత వదులు తీసుకుంటారు. ఒక చిన్న విభక్తి మిగిలితే నేనూ పట్టించుకోను. ఊరి పేరో ఏటి పేరో వట్టినే తెచ్చిపెట్టి మనల్ని అరగంట తిప్పితే మాత్రం పత్రికకి కార్డు ముక్క రాయాల్సిందే, కింద మీ వివరణ వరసతో సహా.